పేరొక చోట, మైదానమొక చోట: లండన్ ఫుట్‌బాల్ క్లబ్బుల చిక్కుముడి

ప్రీమియర్ లీగ్ మ్యాచులను ఏళ్ల తరబడి టీవీలో చూస్తున్నవారు కూడా లండన్ పటాన్ని ముందు పెట్టుకుని క్లబ్బుల చిరునామాలు వెతికితే కాసేపటికే తికమక పడతారు. చెల్సీ మైదానం చెల్సీలో లేదు, ఫుల్‌హామ్‌లో ఉంది. మిల్‌వాల్ క్లబ్బు థేమ్స్ ఉత్తరపు ఒడ్డున ఉన్న మిల్‌వాల్ పేటను విడిచి, నది దాటి దక్షిణానికి వచ్చి వందేళ్లు దాటింది. క్వీన్స్ పార్క్ రేంజర్స్ ఆడేది షెపర్డ్స్ బుష్‌లో. క్రిస్టల్ ప్యాలెస్ ఆడేది సెల్‌హర్స్ట్‌లో. ఆ పేరుకు మూలమైన గాజు మహలు 1936లోనే కాలి బూడిదైపోయింది. ఆర్సెనల్ అంటే ఆయుధాగారం. ఆ ఆయుధాగారం ఉన్నది ఆగ్నేయ లండన్‌లోని వూలిచ్‌లో, ఆ పేరు పెట్టుకున్న క్లబ్బు ఉన్నదేమో ఉత్తర లండన్‌లో.

ఇవన్నీ సరదా విశేషాలుగా చెప్పుకుని వదిలేయవచ్చు. కానీ ఈ చిరునామాల గందరగోళం వెనుక ఒక పెద్ద ప్రశ్న ఉంది. క్లబ్బు అంటే అసలు ఏది? పేరా, మైదానమా, కంపెనీ వాటాలా, వారం వారం వచ్చి కూర్చునే మనుషులా? 1913లో ఒక క్లబ్బు నగరానికి ఈ కొస నుంచి ఆ కొసకు తరలిపోతే కొన్ని అభ్యంతరాలు వచ్చి సద్దుమణిగాయి. 2002లో మరో క్లబ్బు తరలిపోవడానికి అనుమతి వస్తే ఆ గాయం నేటికీ మానలేదు. ఈ తేడా ఎందుకు వచ్చిందో అర్థమైతే లండన్ ఫుట్‌బాల్ చరిత్రలో సగం అర్థమైనట్టే.

మొదట్లోకి వెళితే, ఆట నియమాలు రాసుకున్నది లండన్‌లోనే. 1863 అక్టోబర్ 26న ఫ్రీమేసన్స్ టావెర్న్‌లో సమావేశమై ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్.ఎ.) అనే సంఘాన్ని స్థాపించినవి లండన్, ఆ పరిసరాల క్లబ్బులూ పాఠశాలలే. 1872లో తొలి ఎఫ్.ఎ. కప్పును గెలుచుకున్న వాండరర్స్ కూడా లండన్ జట్టే. ఆ కప్పును అయిదుసార్లు గెలిచిన ఆ క్లబ్బుకు సొంత మైదానమంటూ ఎన్నడూ లేదు. సంచారులు అనే అర్థమిచ్చే పేరుకు తగ్గట్టే బతికింది, ఆటగాళ్లు ఒక్కొక్కరే తమ పూర్వ విద్యార్థుల జట్లకు వెళ్లిపోవడంతో చెదిరిపోయింది. ఆ ఆటగాళ్లు ఉన్నత పాఠశాలల్లో చదివిన సంపన్నులు. డబ్బు తీసుకుని ఆడడం వారి దృష్టిలో చిన్నతనం. ఉత్తరాన లాంకషైర్ మిల్లు పట్టణాల్లో పరిస్థితి వేరు. అక్కడ ఆటగాడు కార్మికుడు, మ్యాచ్ కోసం పని మానుకుంటే కూలి పోతుంది. అందుకే 1885లో వృత్తి ఆటగాళ్లకు అనుమతి వచ్చాక బలమంతా ఉత్తరానికి తరలింది. 1888లో ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు అందులోని 12 క్లబ్బులూ లాంకషైర్, మిడ్‌లాండ్స్ ప్రాంతాలవే. రాజధాని నుంచి ఒక్కటీ లేదు.

అంటే ఆటకు నియమాలు రాసిన నగరమే ఆట కొత్త దారి పట్టినప్పుడు వెనుకబడిపోయింది. ఆ వెనుకబాటును తీర్చింది సంపన్నులు కాదు, ఫ్యాక్టరీ కార్మికులు, చర్చి కుర్రాళ్లు, క్రికెట్ పిల్లలు. థేమ్స్ ఒడ్డున ఐల్ ఆఫ్ డాగ్స్‌లో మోర్టన్ జామ్ ఫ్యాక్టరీ పనివాళ్లు 1885లో మిల్‌వాల్‌ను పెట్టారు. థేమ్స్ ఐరన్‌వర్క్స్ అనే ఓడల తయారీ సంస్థలో 1895లో పుట్టిన జట్టు అయిదేళ్ల తరువాత వెస్ట్ హామ్ యునైటెడ్ అయింది. ఆ క్లబ్బు చిహ్నంలోని రెండు సుత్తులు రివెట్లు కొట్టిన ఆ చేతులవే. ఫుల్‌హామ్ 1879లో ఒక చర్చి ఆదివారపు బడి నుంచి వచ్చింది. క్రికెట్ ఆడే బడిపిల్లలు చలికాలంలో ఊరికే ఉండలేక 1882లో టాటెన్‌హామ్ హాట్‌స్పర్‌కు పునాది వేశారు. లేటన్ ఓరియంట్ పేరులోని ఓరియంట్ ఒక ఓడల కంపెనీది.

ఈ పుట్టుకల్లో ఒక సంగతి గమనించాలి. వీటిలో చాలా వాటికి ఆధారం ఊరు కాదు, పనిచేసే చోటు లేదా ప్రార్థించే చోటు. ఫ్యాక్టరీ మూతపడవచ్చు, ఆటగాళ్లు వేరే చోట పనికి కుదరవచ్చు, అద్దెకు తీసుకున్న పొలం యజమాని పొమ్మనవచ్చు. క్వీన్స్ పార్క్ రేంజర్స్ తన చరిత్రలో డజనుకు పైగా మైదానాలు మారింది. ఆ రోజుల్లో మైదానం అంటే దడికట్టిన ఒక గడ్డి చేను, నాలుగు చెక్క బల్లలు; దాన్ని విడిచి వెళ్లడం పెద్ద నష్టం కాదు.

ఆ కాలపు లక్షణాలన్నీ ఒకేచోట కనిపించేది ఆర్సెనల్ కథలో. 1886లో వూలిచ్ ఆయుధ కర్మాగారంలోని డయల్ స్క్వేర్ అనే కార్ఖానా పనివాళ్లు తలా కొంచెం వేసుకుని ఒక బంతి కొన్నారు. డిసెంబర్ 11న నది దాటి ఐల్ ఆఫ్ డాగ్స్‌కు వెళ్లి తొలి మ్యాచ్ ఆడి 6–0 తేడాతో గెలిచారు. 1891లో డబ్బిచ్చి ఆటగాళ్లను పెట్టుకోవాలని నిర్ణయించినందుకు లండన్ ఫుట్‌బాల్ పెద్దలు వారిని తమ పోటీల నుంచి వెలివేశారు. ఆ వెలి వల్లే వారు ఉత్తరాది లీగ్ వైపు చూశారు. 1893లో లీగ్‌లో చోటు దక్కించుకున్న మొదటి దక్షిణాది క్లబ్బు ఇదే. కానీ ఒక చిక్కు మిగిలింది. వూలిచ్ నగరానికి ఒక కొసన ఉండేది. రైళ్లు తక్కువ, ప్రయాణం ఎక్కువ, శనివారం మధ్యాహ్నం కూడా కర్మాగారంలో పని ఉంటే ప్రేక్షకులు రాలేరు. 1910 నాటికి క్లబ్బు దివాలా అంచుకు చేరింది.

అప్పుడు పగ్గాలు చేపట్టిన హెన్రీ నోరిస్ స్థిరాస్తి వ్యాపారి, అప్పటికే ఫుల్‌హామ్ క్లబ్బును నడిపిస్తున్నవాడు. మొదట రెండు క్లబ్బులను కలిపేద్దామన్నాడు, లీగ్ ఒప్పుకోలేదు. 1912–13లో ఆర్సెనల్ 38 మ్యాచుల్లో మూడే గెలిచి, లీగ్‌లో కింది అంచె అయిన రెండో డివిజన్‌కు పడిపోయింది. అదే ఏడు నోరిస్ ఉత్తర లండన్‌లోని హైబరీలో ఒక మత కళాశాల మైదానాన్ని లీజుకు తీసుకున్నాడు. గుడ్ ఫ్రైడే నాడు, క్రిస్మస్ నాడు అక్కడ ఆట ఆడకూడదన్నది షరతు. స్థలాన్ని ఎంచుకున్న తీరులోనే వ్యాపారి చూపు కనిపిస్తుంది: మైదానానికి కూతవేటు దూరంలో గిలెస్పీ రోడ్ భూగర్భ రైలు స్టేషన్ ఉంది. వూలిచ్‌లో లేనిది అదే.

టాటెన్‌హామ్, ఓరియంట్ క్లబ్బులు తమ గడప ముందుకు మరొక క్లబ్బు వస్తోందని అభ్యంతరం చెప్పాయి. స్థానికులూ వద్దన్నారు. ఇలాంటి తరలింపును ఆపే అధికారం తమకు లేదని లీగ్ తేల్చింది. 1913 సెప్టెంబర్ 6న హైబరీలో మొదటి మ్యాచ్ జరిగేనాటికి కట్టడాలు పూర్తి కాలేదు. గాయపడిన ఆటగాణ్ణి పాలబండి మీద తీసుకుపోవలసి వచ్చింది. మరుసటి ఏడాదికి పేరులోంచి వూలిచ్ రాలిపోయింది. 1932లో, మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ పట్టుదల వల్ల, స్టేషన్ పేరే ఆర్సెనల్‌గా మారింది. ఇప్పటికీ ఆ స్టేషన్ ప్లాట్‌ఫారం గోడ మీది పాత పలకల్లో గిలెస్పీ రోడ్ అనే పెద్ద అక్షరాలు అలాగే ఉన్నాయి. ఒక క్లబ్బు వచ్చి ఊరి పేరు మార్చిందనడానికి, మారక ముందు అక్కడ ఏముండేదో చెప్పడానికి ఆ గోడే సాక్ష్యం.

టాటెన్‌హామ్, ఆర్సెనల్ వైరం వందేళ్లకు పైగా ఇంత పదునుగా సాగడానికి పొరుగు కావడం ఒక్కటే కారణం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత 1919లో మొదటి డివిజన్‌ను 20 నుంచి 22 క్లబ్బులకు పెంచారు. యుద్ధం వల్ల లీగ్ ఆగిపోవడానికి ముందు చివరి సీజన్లో ఆఖరున నిలిచిన టాటెన్‌హామ్ తన చోటు తనకు ఉంటుందని ఆశపడింది. ఓటింగ్ పెడితే ఆర్సెనల్‌కు 18, టాటెన్‌హామ్‌కు 8 ఓట్లు వచ్చాయి. రెండో డివిజన్‌లో మొదటి నాలుగు స్థానాల్లో కూడా లేని ఆర్సెనల్ పైకి వెళ్లింది, టాటెన్‌హామ్ కిందికి వెళ్లింది. నోరిస్ తెరవెనుక ఏం చేశాడన్నది నేటికీ తెగని వాదన; లంచం ఇచ్చినట్టు ఋజువు మాత్రం లేదు. టాటెన్‌హామ్ గర్వానికి వేరే ఆధారముంది. 1901లో లీగ్‌లో సభ్యత్వమైనా లేకుండా, దక్షిణాది లీగ్‌లో ఆడుతూ ఎఫ్.ఎ. కప్పును గెలిచింది. 1888 తరువాత లీగ్ బయటి క్లబ్బు ఆ పని చేయడం అదొక్కసారే.

చెల్సీ కథ వీటన్నిటికీ తలకిందులు. మిగతా చోట్ల ముందు జట్టు పుట్టింది, తరువాత మైదానం వెతుక్కుంది. ఇక్కడ ముందు మైదానం ఉంది. స్టాంఫర్డ్ బ్రిడ్జ్ 1877 నుంచి పరుగు పందేల మైదానం. గస్ మియర్స్ అనే కాంట్రాక్టరు దాన్ని 1904లో కొని, ఫుల్‌హామ్ క్లబ్బును వచ్చి అద్దెకు ఆడమన్నాడు. అద్దె కుదరక ఫుల్‌హామ్ రానంది. రైల్వే కంపెనీ ఆ స్థలాన్ని బొగ్గు యార్డుకు అడుగుతోంది. అమ్మేయడమా, తానే ఒక క్లబ్బు పెట్టడమా అని ఆలోచించి 1905 మార్చి 10న రోడ్డుకు అవతలి పక్కనున్న పబ్బులో క్లబ్బు పెట్టాడు. ఫుల్‌హామ్ పేరు అప్పటికే మరొకరిది కాబట్టి పక్కనున్న ఖరీదైన పేట పేరు తెచ్చి తగిలించారు. ఒక్క మ్యాచ్ అయినా ఆడకముందే లీగ్‌లో చోటు దొరికింది. కుర్చీలు వేసి, ఆ కుర్చీల్లో కూర్చునేవారి కోసం నాటకం రాయించినట్టుంది ఈ వ్యవహారం. అలాంటి క్లబ్బు మీద కూడా మూడు తరాల్లోనే నిజమైన ప్రేమ పెరిగిందంటే, పుట్టుక ఎలాంటిదన్నది అభిమానానికి పెద్ద అడ్డు కాదని ఒప్పుకోవాలి.

ఈ మైదానాల విషయంలో మహిళలకు జరిగిన అన్యాయాన్ని ఇక్కడే చెప్పుకోవాలి. 1895 మార్చి 23న ఉత్తర లండన్‌లోని క్రౌచ్ ఎండ్‌లో మహిళల జట్లు వేలాది ప్రేక్షకుల ముందు ఆడాయి. 1921 డిసెంబర్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ మహిళల ఆటను ఆపడానికి ఎంచుకున్న మార్గం ఏమిటంటే, తన సభ్య క్లబ్బులు వారికి మైదానం ఇవ్వకూడదని ఆదేశించడం. ఆట ఆడవద్దని అనలేదు. ఆడే చోటు తీసేసింది. దాదాపు యాభై ఏళ్లు ఆ నిషేధం సాగింది. 1987లో మొదలైన ఆర్సెనల్ మహిళల జట్టు 2007లోను, మళ్లీ 2025లోను ఐరోపా విజేతగా నిలిచింది. 2025–26 నుంచి తన సొంతగడ్డ మీది లీగ్ మ్యాచులన్నిటినీ క్లబ్బు ప్రధాన స్టేడియంలోనే ఆడుతోంది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. 1913లో చెల్లిన తరలింపు తరువాత ఎందుకు చెల్లలేదు? ఆర్సెనల్ వూలిచ్‌ను విడిచేనాటికి ఆ క్లబ్బు వయసు 27 ఏళ్లు. తాత చేయి పట్టుకుని మైదానానికి వెళ్లిన మనవడు అప్పటికింకా లేడు. ఆ తరువాతి దశాబ్దాల్లో క్లబ్బులు స్థిరపడ్డాయి, కాంక్రీటు మెట్లు లేచాయి, ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క మూల అలవాటైంది. చనిపోయినవారి అస్థికలు ఆ గడ్డి మీద చల్లమని కోరుకునేవారు వచ్చారు. మైదానం వారసత్వంగా అందే వస్తువైంది. యజమానుల పుస్తకాల్లో మాత్రం అది రోజురోజుకూ ధర పెరిగే నగర భూమిగానే ఉండిపోయింది. గొడవంతా ఈ రెండు లెక్కల మధ్యనే.

చార్ల్‌టన్ అథ్లెటిక్ అభిమానులు ఆ గొడవను ఎదుర్కొన్న తీరు నాకు ఎంతో ఇష్టం. 1938లో ఒక్క మ్యాచ్‌కు 75,031 మందిని పట్టిన వ్యాలీ మైదానాన్ని క్లబ్బు 1985లో విడిచిపెట్టి, కొన్ని మైళ్ల అవతల క్రిస్టల్ ప్యాలెస్ వారి మైదానంలో అద్దెకు చేరింది. వ్యాలీ మెట్ల మీద పిచ్చిమొక్కలు మొలిచాయి. తిరిగి వెళదామని క్లబ్బు నిర్ణయించుకున్నాక, 1989లో అభిమానులే పారలు, కత్తెరలు పట్టుకుని వచ్చి ఆ మొక్కలు కొట్టి, చెత్తను కుప్పపోసి మంట పెట్టారు. స్టేడియం పునర్నిర్మాణానికి గ్రీనిచ్ కౌన్సిల్ అనుమతి నిరాకరించింది. అప్పుడు వారు నిరసన ప్రదర్శనతో ఆగలేదు, వ్యాలీ పార్టీ పేరుతో 1990 స్థానిక ఎన్నికల్లో నిలబడ్డారు. ఒక్క స్థానమూ రాలేదు, కానీ 14,838 ఓట్లు వచ్చాయి. కౌన్సిల్‌కు విషయం అర్థమైంది. 1992 డిసెంబర్ 5న చార్ల్‌టన్ వ్యాలీకి తిరిగివచ్చి ఆ మ్యాచ్ 1–0తో గెలిచింది.

వింబుల్డన్‌కు అలాంటి అవకాశం దొరకలేదు. 1889లో పుట్టిన ఈ చిన్న క్లబ్బు 1977లో లీగ్‌లోకి వచ్చి, 1986కల్లా మొదటి డివిజన్‌కు ఎక్కి, 1988లో లివర్‌పూల్‌ను ఓడించి ఎఫ్.ఎ. కప్పు ఎత్తింది. ఆ ఫైనల్లో గోల్‌కీపర్ డేవ్ బీసెంట్ పెనాల్టీని ఆపాడు. వెంబ్లీ స్టేడియంలో జరిగిన ఎఫ్.ఎ. కప్పు ఫైనల్లో పెనాల్టీ ఆగడం అదే మొదలు. మూడేళ్లు తిరగకుండానే, కొత్త భద్రతా నియమాలకు పాత ప్లవ్ లేన్ మైదానం సరిపోదంటూ 1991లో యాజమాన్యం దాన్ని విడిచి, సెల్‌హర్స్ట్‌లో అద్దెకు దిగింది. పదేళ్ల తరువాత, నగరానికి సుమారు 90 కిలోమీటర్ల అవతల ఉన్న మిల్టన్ కీన్స్‌కు క్లబ్బును తీసుకుపోతామని ప్రకటించింది. 2002 మే 28న ఫుట్‌బాల్ అసోసియేషన్ నియమించిన ముగ్గురు సభ్యుల కమిషన్ 2–1 తేడాతో అందుకు అనుమతించింది. కావాలంటే అభిమానులు కొత్త క్లబ్బు పెట్టుకోవచ్చు కదా అన్న మాటకు, అది ఫుట్‌బాల్ విస్తృత ప్రయోజనాలకు తగినది కాదని ఆ కమిషన్ నివేదికలో రాసింది.

అభిమానులు సరిగ్గా ఆ పనే చేశారు. నెల తిరిగేసరికి వింబుల్డన్ కామన్ పచ్చికలో ఆటగాళ్ల ఎంపిక పెట్టారు; 230 మంది వరకు వచ్చారు. జులైలో ఆ కొత్త క్లబ్బు, ఏఎఫ్‌సీ వింబుల్డన్, ఆడిన మొదటి స్నేహపూర్వక మ్యాచ్‌లో 4–0తో ఓడిపోతే, చూడడానికి 4,657 మంది వచ్చారు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పోటీల్లో తొమ్మిదో అంచె నుంచి మొదలుపెట్టి 2011లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి అడుగుపెట్టారు. 2020 నవంబర్ 3న, పాత మైదానానికి కొద్ది దూరంలో కట్టుకున్న కొత్త ప్లవ్ లేన్‌లో మొదటి మ్యాచ్ ఆడారు. కోవిడ్ ఆంక్షల వల్ల ఆ రోజు స్టాండ్లు ఖాళీగా ఉన్నాయి; పద్ధెనిమిదేళ్లు పోరాడినవారు తమ ఇంటికి చేరిన తొలి సాయంత్రాన్ని తెర మీద చూసుకోవలసి వచ్చింది. మిల్టన్ కీన్స్ క్లబ్బు 1988 కప్పు గౌరవాలను 2007లో వింబుల్డన్ ప్రాంతపు మెర్టన్ కౌన్సిల్‌కు అప్పగించింది. పేరు, ఆటగాళ్ల ఒప్పందాలు, లీగ్ స్థానం అన్నీ చట్టబద్ధంగా తరలివెళ్లాక కూడా జ్ఞాపకాలు వెళ్లలేదని ఆ అప్పగింతే ఒప్పుకుంటోంది.

ఈ కథలో ఒక నీడ కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఏఎఫ్‌సీ వింబుల్డన్ ఇన్నేళ్లు ఆడిన కింగ్స్‌మెడో మైదానం నిజానికి కింగ్‌స్టోనియన్ అనే పాత క్లబ్బు కోసం కట్టినది. ప్లవ్ లేన్ కట్టడానికి డబ్బు కావలసివచ్చి దాన్ని చెల్సీకి అమ్మారు. ఆ తరువాత అక్కడ చెల్సీ మహిళల జట్టు ఆడడం మొదలుపెట్టింది. కింగ్‌స్టోనియన్ 2017లో అక్కడి నుంచి కదిలి, పరుల మైదానాల్లో తలదాచుకోవలసి వచ్చింది. ఇల్లు కోల్పోయినవారు ఇల్లు కట్టుకునే క్రమంలో మరొకరి ఇల్లు పోయింది. లండన్‌లో భూమి అంత బిగువు.

మరి వెస్ట్ హామ్ 2016లో 112 ఏళ్ల అప్టన్ పార్కు మైదానాన్ని విడిచి ఒలింపిక్ స్టేడియానికి వెళ్లడం సంగతేమిటి? దూరం స్వల్పం, పేరు మారలేదు, కుర్చీలు ఎక్కువ. అయినా పరుగు బాట కోసం రూపొందిన ఆ స్టేడియంలో ఆట దూరమైపోయిందన్న బాధ అభిమానుల్లో ఉంది. పాత మైదానం ఉన్నచోట ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి. కిలోమీటర్లతో కొలిచేది ఒక నష్టం, అలవాటుతో కొలిచేది మరో నష్టం. టాటెన్‌హామ్ కూడా అదే ఒలింపిక్ స్థలం కోసం పోటీపడి 2011లో ఓడిపోయింది. ఆ ఓటమి మంచిదే అయింది, 2019లో పాత చోటునే కొత్త స్టేడియం తెరుచుకుంది.

2025 జులైలో ఇంగ్లండ్‌లో వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఒక స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. ఇకపై క్లబ్బు తన మైదానాన్ని అమ్మాలన్నా, వేరే చోటికి తరలాలన్నా ముందు ఆ సంస్థ అనుమతి పొందాలి. ఆ చట్టం రావడానికి ముప్పై ఏళ్ల ముందే ఒక క్లబ్బులో ఇందుకు సొంత ఏర్పాటు జరిగింది. స్థలాభివృద్ధి సంస్థలతో ఏళ్ల తరబడి పోరాడి స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌ను నిలబెట్టుకున్న తరువాత, మళ్లీ ఆ ముప్పు రాకూడదని 1993లో చెల్సీ పిచ్ ఓనర్స్ అనే సంస్థను పెట్టి వాటాలను అభిమానులకు అమ్మారు. మైదానపు నేల ఆ సంస్థది. చెల్సీ ఫుట్‌బాల్ క్లబ్బు అనే పేరు మీద హక్కు కూడా ఆ సంస్థదే; మొదటి జట్టు స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో ఆడినంతకాలమే ఆ పేరు వాడుకోవచ్చు. 2011 అక్టోబర్‌లో అప్పటి యాజమాన్యం ఆ నేలను తిరిగి కొనుక్కోవడానికి ప్రతిపాదన పెట్టింది. నెగ్గడానికి 75 శాతం ఓట్లు కావాలి, 61.6 శాతమే వచ్చాయి. 2022లో క్లబ్బు కొత్త యజమానుల చేతికి వచ్చింది. ఇప్పుడున్న స్టేడియం చిన్నదని, ఉన్నచోట పెంచాలా, బయటికి వెళ్లాలా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. వారు ఎంత పెట్టుబడి పెట్టినా, వెళ్లదలిస్తే ఒక్కొక్క వాటా కొనుక్కుని ఇంట్లో పటం కట్టి పెట్టుకున్న ఆ అభిమానుల దగ్గరకు వచ్చి పేరును అడిగి తీసుకోవలసిందే.